సోడా రొట్టె

సోడా రొట్టె ఐర్లండ్ దేశపు ఇంటి రొట్టె. గోధుమ పిండి, ఉప్పు, తినేసోడా, పుల్లమజ్జిగ: ఇందులో పడేవి ఈ నాలుగే. ఈస్టు అక్కర్లేదు, పిండి పొంగేదాకా కాచుకుని కూర్చోనక్కర్లేదు. కలిపిన గంటలో రొట్టె పళ్ళెంలోకి వస్తుంది. సూర్యలంక తీరం నుంచి తెనాలి దాకా ఈ పేరు కొత్తగా వినిపించవచ్చు గాని పద్ధతి మాత్రం కొత్తది కాదు. మైదాలో పుల్లమజ్జిగ పోసి, చిటికెడు సోడా వేసి మైసూరుబజ్జీకి పిండి కలిపే చెయ్యి కలుపుతున్నది ఇంచుమించు సోడా రొట్టె పిండినే. అది నూనెలో వేగుతుంది, ఇది సెగకు కాలుతుంది.

ఐర్లండ్ వానల దేశం. అక్కడ పండే గోధుమ మెత్తరకం, పిండిలో జిగురు తక్కువ. ఈస్టుతో మెల్లగా పొంగే రొట్టె నిలబడాలంటే ఆ జిగురే ఆధారం. సోడా రొట్టెకు అంత జిగురు పనిలేదు. నికొలా లెబ్లాంక్ అనే ఫ్రెంచి వైద్యుడు ఉప్పు నుంచి సోడా తీసే దారి చూపి 1791లో హక్కు పొందాడు. ఆ తర్వాత సోడా చౌకబడింది. అంతకుముందు అమెరికాలో కట్టెల బూడిద నుంచి తీసిన క్షారంతో పిండివంటలు పొంగించేవారు. అమీలియా సిమ్మన్స్ 1796లో అచ్చువేసిన వంటల పుస్తకంలోనే అది కనిపిస్తుంది. ఐర్లండ్ ఇళ్ళలో సోడా 1830ల తర్వాత పాతుకుపోయింది. 1845లో బంగాళదుంప పంటకు తెగులు పట్టి ఆ దేశం ఆకలితో అల్లాడింది. అంతకు పదమూడేళ్ళ ముందే మన గుంటూరు సీమను నందన కరువు ఊడ్చేసింది. కరువు ఎరిగిన పేద ఇళ్ళలో, వెన్న తీయగా మిగిలిన మజ్జిగను పారబొయ్యకుండా వాడుకునే వంటగా ఈ రొట్టె నిలబడింది. దీన్ని చూడాల్సింది ఆ చూపుతోనే.

పొంగే తీరు

మజ్జిగలో లాక్టిక్ ఆమ్లం ఉంటుంది. అది సోడాతో కలవగానే బొగ్గుపులుసు వాయువు బుడగలుగా పుడుతుంది. తడి తగిలిన క్షణం నుంచే ఆ పని మొదలవుతుంది కాబట్టి, కలిపిన పిండిని పక్కన పెట్టి వేరే పనికి వెళితే బుడగలు అక్కడే చచ్చిపోతాయి. పొయ్యి ముందు వేడెక్కాలి, పిండి తర్వాత తడవాలి.

మన ఇళ్ళలో తరచు తప్పేది మజ్జిగ దగ్గరే. అన్నంలో పోసుకునే పలచని మజ్జిగలో పులుపు చాలదు. చిలికి వెన్న తీసిన చిక్కటి మజ్జిగ గాని, పులిసిన పెరుగులో కొద్దిగా నీళ్ళు కలిపి గాని వాడాలి. చెంచాడు మజ్జిగలో చిటికెడు సోడా వేసి చూడండి: గబగబా నురగ లేస్తే మంచిది. సోడా ఎక్కువైతే రొట్టెకు సబ్బు రుచి వస్తుంది.

ఇంట్లో కాల్చడం

300 గ్రాముల మైదా, 150 గ్రాముల గోధుమ పిండి తీసుకోండి. మన చపాతీ పిండికి సాగే గుణం ఎక్కువ, అందుకే మైదా పాలు పెంచడం. చెంచా ఉప్పు, తలకొట్టి చెంచా సోడా వేసి జల్లెడ పట్టాలి. సోడా ఉండ ఒక్కటి మిగిలినా రొట్టెలో పసుపుపచ్చ మచ్చయి చేదెక్కుతుంది. మధ్యలో గుంట చేసి 350 నుంచి 400 మిల్లీలీటర్ల మజ్జిగ పోసి, వేళ్ళు విడదీసి చేతిని సున్నాలా తిప్పుతూ కలపాలి. పిండి చేతికి అంటుకుంటూ, ముద్దకు వచ్చీరానట్టుండాలి. పూరీ పిండిలా మర్దించారంటే రొట్టె రాయి అవుతుంది. పొడి పిండి చల్లిన పీట మీద గుండ్రంగా సర్ది, కత్తితో లోతుగా శిలువ గుర్తు గీయాలి, నాలుగు భాగాలయ్యేలా. దయ్యాలు పోవడానికని ఐర్లండ్‌లో చెప్పుకుంటారు. వేడి నడిమికి చేరేది మాత్రం ఆ గీతల వల్లే.

ఓవెన్ ఉంటే 230 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు, 200కి తగ్గించి మరో 30 నిమిషాలు. లేకపోయినా దిగులు లేదు. ఈ రొట్టె పుట్టిందే ఓవెన్ లేని ఇళ్ళలో. బాస్టిబుల్ అనే మూడు కాళ్ళ ఇనప పాత్రలో పెట్టి, కింద నిప్పు, మూత మీద నిప్పు వేసి కాల్చేవారు. మన అమ్మమ్మలు మందపాటి మూకుట్లో దిబ్బరొట్టె పోసి, మూత మీద బొగ్గులు పెట్టి కాల్చింది అచ్చం అలాగే. గ్యాసు పొయ్యి మీదయితే మందపాటి గిన్నె అడుగున చిన్న స్టాండు, దాని మీద పళ్ళెం పెట్టి, పది నిమిషాలు మూతతో వేడెక్కించి, రొట్టె ఉంచి మళ్ళీ మూయాలి. సన్న సెగన 45 నిమిషాలకు అడుగు రంగు తిరుగుతుంది. పైభాగం తెల్లగానే ఉంటుంది కనుక చివరి పది నిమిషాలు పెనం మీద తిరగేయాలి. ఉడికిందో లేదో చెవికి తెలుస్తుంది: వీపున వేలితో తడితే ఖాళీ డబ్బా కొట్టినట్టు మోగాలి.

బాపట్ల వరి నేల. సాంబ మసూరి బియ్యానికి బీపీటీ 5204 అన్న పేరు ఈ ఊరి నుంచే వచ్చింది. ఇక్కడ బ్రెడ్డంటే జ్వరమొస్తే పాలలో ముంచుకునేది. సోడా రొట్టె ఆ జాతి కాదు, పైన కరకర, లోపల మెత్తన, కొంచెం పులుపు. ఐర్లండ్ తీరంలో దీన్ని చేపల సూపుతో తింటారు. సూర్యలంక రొయ్యల ఇగురుతో తిని చూడండి, బాగా కలుస్తుంది.

వేడి రొట్టెను గుడ్డలో చుడితే పైపొర మెత్తబడుతుంది. మర్నాటికి గట్టిపడుతుంది, అప్పుడు ముక్కలు కోసి పెనం మీద వెన్నతో కాల్చుకోవచ్చు. సముద్రపు తేమ గాలికి అంతకు మించి నిలవదు. ఏ రోజుకారోజు కాల్చుకుని తినాల్సిన రొట్టె ఇది.