రాజవంశములు మారినప్పుడు

బోరంచ యను గ్రామము పేరు రాజవంశచరిత్రల సూచికలలో కానరాదు. అది నారాయణఖేడు ప్రాంతమున మంజీరానదికి చేరువనున్న యొక పల్లె. అచటి నల్లపోచమ్మను కొలుచుటకు చుట్టుపట్ల గ్రామములవారు వత్తురు. అంతకు మించి దానికి ప్రసిద్ధి లేదు. కాని యీ పల్లెనుండి పడమటికి బోయినచో బహమనీ సుల్తానుల బీదరుకోట కలదు. దానికి మఱికొంత పడమట చాళుక్యుల కల్యాణపురము కలదు. ఆగ్నేయదిశకు బోయినచో శాతవాహనుల నాణెములు త్రవ్వకములలో దొరకిన కొండాపురమును, దానికి దూరముగా గోలకొండ ప్రభువుల యధికారి యుండిన పటాన్‌చెఱువును గలవు. మంజీరానది తానే బీడు జిల్లా కొండలలో మరాఠీ సీమయందు పుట్టి, కన్నడసీమ మీదుగా ప్రవహించి, తెలుగుసీమలో గోదావరిని గలియుచున్నది.

రెండువేల యేండ్లలో నిన్ని రాజ్యములు పుట్టి గిట్టుట చూచిన యిట్టి సీమలో రాజవంశము మాఱినప్పుడు నిజముగా మాఱిన దేది? మాఱక నిలిచిన దేది? నేటి ప్రసంగమున విచారింపదలచిన విషయ మిది. దీనిని తేటపఱచుటకు చీనాదేశముతో సరిపోల్చి చూపెదను. రాజవంశము మాఱుట యననేమో ఆ దేశమువారు ఆలోచించినంత లోతుగ నాలోచించినవారు అరుదు.

చీనావారి రాజనీతిలో దైవాజ్ఞ యను భావము ప్రధానము. ప్రజలను చక్కగా పాలించునంతకాలమే రాజునకు దైవ మధికారమిచ్చును. కఱవులు, వఱదలు, తిరుగుబాట్లు పెచ్చు పెరిగినచో నా యాజ్ఞ తొలగినదని లోకము గ్రహించును. తొలగిన యాజ్ఞ నెవడు గైకొన్నను వాడు న్యాయమైన చక్రవర్తియే. 1368లో మింగువంశమును స్థాపించిన జు యుయెన్‌జాంగు పేదరైతు బిడ్డడు; కొంతకాలము బౌద్ధవిహారమున భిక్షువుగా నుండినవాడు. సింహాసన మెక్కుటకు అతని పుట్టుక యడ్డుకాలేదు.

అయితే యీ దైవాజ్ఞకంటె గట్టిగ చీనాను నిలిపినది మఱియొకటి కలదు. క్రీ.పూ. 221లో చిన్ వంశపు తొలి చక్రవర్తి దేశము నేకము చేసి, లిపిని, తూనికలను, కొలతలను, తుదకు బండిచక్రముల నడిమి యెడమును గూడ నొక్కటిగ జేసెను. ఆ వంశము పదునైదేండ్లకే కూలెను, లిపి నిలిచెను. పిమ్మట క్రీ.శ. 7వ శతాబ్దారంభమున సుయివంశము వారు ప్రవేశపెట్టిన పరీక్షలు టాంగు, సుంగు వంశముల కాలమున బలపడి, ప్రభుత్వోద్యోగమునకు రాజమార్గ మయ్యెను. పేరునకు సామాన్యుని కుమారుడును ఆ పరీక్షలకు గూర్చుండవచ్చును. ఏండ్లతరబడి చదివింప గలవారు కలవారే గాన గెలుపు వారిదే యెక్కువ. స్త్రీలకు ప్రవేశమే లేదు. ఐనను రాజు దయవలన గాక చదువువలన నుద్యోగము వచ్చు ననుమాట యొకటి దేశమున నాటుకొనెను.

దాని బల మెంతయో పరదేశీయులు వచ్చినప్పుడు తెలిసెను. మంగోలులు చీనాను జయించి పరీక్షలను మానిపించిరి. 1315లో మరల జరిపింపక వారికి తీఱలేదు. మంచూలు 1644లో పెకింగును జొచ్చి, మఱుసటి యేట చీనా పురుషులందఱు తలముందటి జుట్టు గొఱిగించుకొని వెనుక జడ వేసికొనవలెననియు, కాదన్నవాని తల యెగిరిపోవుననియు శాసించిరి. తలమీది జుట్టును మార్చిన యా ప్రభువులే తలలోని చదువును మాత్రము ముట్టలేదు: 1646లోనే పాతపద్ధతిని పరీక్షలు జరిపిరి. చీనాలో రాజు మాఱినప్పుడు రాజ్యమును ఈ యొడ్డునుండి ఆ యొడ్డునకు మోసికొనిపోయినవాడు చదువుకొన్న యుద్యోగి.

మన సీమకు వత్తము. ఇచట నట్టి పరీక్షలు లేవు, ఒకే కొలువుభాషయు లేదు. టాంగు చక్రవర్తుల నాడు చీనానుండి వచ్చిన బౌద్ధయాత్రికుడు యువాన్ చ్వాంగు 7వ శతాబ్దమున ఆంధ్రదేశమును జూచి, యిచటివారి భాష మధ్యదేశపు భాషకంటె వేఱనియు, అక్షరముల తీరు మాత్రము చాలవఱకు నచటిదే యనియు గుర్తించెను. చీనాలో మాట లెన్ని విధములైనను వ్రాత యొక్కటే గనుక నాతని దృష్టి దానిమీద బడుట సహజము. ఇచట మాటయు వ్రాతయు మాత్రమేగాక కొలువుభాషయు రాజ్యముతోబాటు మాఱుచు వచ్చెను. శాతవాహనుల శాసనములు ప్రాకృతమున నున్నవి. చాళుక్యులు, రాష్ట్రకూటులు సంస్కృతమును కన్నడమును వాడిరి. కాకతీయుల యేలుబడిలో తెలుగు శాసనములు వెల్లివిరిసెను. బీదరుసీమలో 14వ శతాబ్దమునుండి పారసీ కొలువుభాషయై, హైదరాబాదు రాజ్యమున 1884లో ఉర్దూకు చోటిచ్చువఱకు నిలిచెను. అయ్యా, యిన్ని భాషలు మాఱిన రాజ్యమున రైతు తన పొలము లెక్కను ఏ భాషలో చదువుకొనవలెను? ఈ ప్రశ్నకు మరల వత్తును.

రాజ్యములతోబాటు సంఘము మాఱినదా యనునది మఱియొక ప్రశ్న. 12వ శతాబ్దమున కల్యాణపురమున జరిగిన సంగతి దీనికి మంచి నిదర్శనము. చాళుక్యుల సామంతుడగు కలచురి బిజ్జలుడు ప్రభువుల సింహాసనమును తానే యాక్రమించెను. ఆతని భాండాగారమున నధికారి బసవేశ్వరుడు. బసవేశ్వరుడు కులభేదమును నిరసించి, కాయకష్టమే పూజయని బోధించి, చాకలిని, చెప్పులు కుట్టువానిని తన గోష్ఠిలో సమానముగ గూర్చుండబెట్టెను. బ్రాహ్మణుని బిడ్డకును మాదిగవాని బిడ్డకును పెండ్లి జరుగగా రాజు వారి తండ్రులను దండించెననియు, దానితో కల్యాణమున రక్తపాతము జరిగెననియు వీరశైవ సంప్రదాయము చెప్పుచున్నది. కలచురుల యేలుబడి మూడుపదు లేండ్లైన సాగలేదు. రాజద్రోహియై గద్దె నెక్కిన బిజ్జలుని పేరు నేడు జనులకు గుర్తున్నచో అది యాతని కొలువుకాని కథవలననే. ఆ బోధ కన్నడసీమ దాటి, పాల్కురికి సోమనాథుని చేత బసవపురాణమై, తెలుగు ద్విపదలో పల్లెపల్లెకు నడచెను. రాజవంశ పరివర్తనమునకును సంఘ పరివర్తనమునకును ఒకే కాలపట్టిక సరిపడదు.

రాజ్యాంగమును మార్చుటకు పైనుండి బుద్ధిపూర్వకముగ బ్రయత్నించినవాడు మన సీమలో మహమూదు గవాను. ఈరానులోని గీలాను నుండి వర్తకుడై వచ్చి, బీదరున బహమనీ సుల్తానులకు ప్రధానమంత్రి యయ్యెను. ఆతడు 1472లో కట్టించిన మదరసా, మూడంతస్తులతో, పారసీక పనితనపు రంగుటిటుకలతో, సగము శిథిలమై నేటికిని బీదరున నిలిచియున్నది. చూపరులు దానినే చూచి వత్తురు. నాకు మాత్ర మాతని లెక్కలు మదరసాకంటె గొప్పవిగ తోచును. బహమనీ రాజ్యము నాలుగు తరఫులుగ నుండి, ఒక్కొక్క తరఫుదారుడు తన సీమలోని కోటలన్నిటికి నొడయడై చిన్నరాజువలె నుండెను. గవాను నాలుగింటిని ఎనిమిది చేసెను. తరఫుదారుని చేతిలో నొక్క కోటను మాత్రము వదలి, తక్కినవానికి దుర్గాధిపతులను సుల్తానే నియమించునట్లు చేసెను. గ్రామముల సరిహద్దులు నిర్ణయించి, భూమిని కొలిపించి, పన్ను నిర్ణయింప బూనెను. చీనాలో నొక యుద్యోగిని సొంత రాష్ట్రమున నియమింపరాదనియు, కొలది యేండ్లకే బదిలీ చేయవలెననియు గల నియమములకు మూలము ఈ భయమే: వేరూనినవాడు రాజునకు లొంగడు.

గవాను వేరు త్రవ్వినవారు ఊరకుండలేదు. ఆతని ముద్రగల కాగితముపై శత్రురాజును పిలుచుచున్నట్లు జాబు గల్పించి, మద్యపానమత్తుడై యున్న సుల్తాను కన్నులకు జూపిరి. 1481లో వృద్ధమంత్రి శిరస్సు తెగెను. ఆతని వెనుక ఆతని పద్ధతిని నడుపుటకు పరీక్షించి యెన్నిన యుద్యోగివర్గ మొకటి లేదు. కొలది సంవత్సరములకే తరఫుదారులు స్వతంత్రులైరి; ఒక రాజ్యము నైదు రాజ్యములయ్యెను. బీదరున బరీదుషాహీలు మిగిలిరి. వారిని 1619లో బిజాపురమువారు, వీరినుండి 1657లో ఔరంగజేబు బీదరును గైకొనెను. గోలకొండ మొగలాయీల వశమైనది 1687లో గనుక, బీదరుకోట అంతకు ముప్పదియేండ్ల ముందే డిల్లీ జెండాను జూచినది.

ఇన్నిమాఱు లధికారము చేతులు మాఱినను పన్ను వసూలు కాకుండ నాగిన కాల మెక్కువ లేదు. దీనిని నడపిన దెవరు? గ్రామమున మాగాణి యెంత, మెట్ట యెంత, బీడెంత, ఎవని పొలమునకు హద్దెక్కడ, ఎవడు బాకీ పడినాడు, ఈ సంగతులన్నియు కరణము లేక పట్వారీ దఫ్తరములో నుండెను. ఆ పని తండ్రినుండి కొడుకునకు వచ్చు వతను. వానిపై దేశముఖు, దేశపాండ్యా లుండిరి, వీరును వంశపారంపర్యమువారే. క్రొత్తగ కోట గెలిచిన సుల్తానుకు కావలసినది వీరి చేతి లెక్క. కత్తితో కోట గెలువవచ్చునుగాని కత్తికి చెఱువుక్రింది పొలముల విస్తీర్ణము తెలియదు. బిజాపురమున మొదటి ఇబ్రహీం ఆదిల్‌షా లెక్కలను పారసీనుండి దేశభాషకు మార్పించి, ఆ పనిని బ్రాహ్మణోద్యోగుల కప్పగించుట యిట్టి యక్కఱ వలననే. చీనాలో వంశములను దాటించినవాడు పరీక్ష గెలిచిన యుద్యోగి యైనచో, మనకు దాటించినవాడు పుట్టుకచే లెక్క చేతికి వచ్చిన పట్వారీ. ఈ భేదమునుండియే మన సీమ కష్టసుఖములు చాలవఱకు పుట్టెనని నా తలంపు.

కష్టములలో నొకటి వెట్టి. కౌటిల్యుని యర్థశాస్త్రమున విష్టి యను పేర గల యీ నిర్బంధపుచాకిరి, రాజ్యము లెన్ని మాఱినను మన పల్లెలను వదలలేదు. చీనాలోను చక్రవర్తులు ప్రజలచే కూలియిడక పని చేయించిరి. కోటగోడ లట్లే లేచినవి. కాని మింగుల కాలమున జాంగ్ జుజెంగు అను మంత్రి, 1581లో, పలువిధములైన పన్నులను చాకిరీలను కలిపి వెండిరూపమున చెల్లించు పద్ధతిని దేశమంతట నమలు జరిపించెను. దానివలన బాధ లన్నియు తీఱెనని చెప్పను. వెండి సంపాదించుట రైతునకు వేఱొక బాధ. ఐనను చాకిరికి వెల గట్టవచ్చునను తలంపు అచట శాసనమయ్యెను. తెలంగాణ పల్లెలలో దొర గడీయందు వెట్టిచాకిరి 1940 తరువాతను సాగుచు, 1946 నాటి రైతు తిరుగుబాటునకు ప్రధానకారణములలో నొకటి యయ్యెను.

సంస్కృతి విషయమున నింత చేదు లేదు. గోలకొండ ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలిచి కృతులిచ్చిరి. ఆతని యధికారి, పటాన్‌చెఱువు నందుండిన అమీనుఖానునకు పొన్నికంటి తెలగన అచ్చతెనుగున యయాతిచరిత్రమును అంకితమిచ్చెను. సంస్కృతపదము సోకని తెలుగుకావ్యమునకు కృతిభర్త యొక ఖాను! గోలకొండ ఫర్మానులు కొన్ని పారసీతోబాటు తెలుగులోను వ్రాయబడెను. మఱియొక వైపున పారసీ యరబ్బీ మాటలు మన నాలుకలపై స్థిరపడినవి: వసూలు, బాకీ, దస్తావేజు, ఫిర్యాదు, వకీలు. తెలుగుదనమునకు గుర్తుగ మనము చెప్పుకొను రైతు అను మాటయే అరబ్బీనుండి వచ్చినది.

1724లో నిజాముల్ముల్కు స్వతంత్రుడైన పిదప బీదరుసీమ అసఫ్‌జాహీల రాజ్యమున జేరెను. 1853లో దివాను పదవికి వచ్చిన సాలారుజంగు, పన్నుల వసూలును గుత్తకు దీసికొనువారిని తొలగించి, జీతముగల తాలూకుదారులను నియమించి, 1865లో జిల్లాల నేర్పఱచెను. గవాను కోరినది నాలుగువందల యేండ్లకు గొంత నెఱవేఱెననవచ్చును. కాని జాగీరులు, గ్రామపు వతనులు అట్లే యుండెను. ఇక కొలువుభాష ఉర్దూ యగుటతో తెలుగువాడు తన యర్జీని తానే చదువుకొనలేని స్థితి కొనసాగెను. 1921లో హైదరాబాదున నొక సభయందు తెలుగున మాటాడబోయిన వక్తను హేళన చేయగా ఆంధ్రజనసంఘము పుట్టెను. 1930లో నిజాం రాష్ట్రాంధ్ర ప్రథమ మహాసభ సురవరము ప్రతాపరెడ్డి యధ్యక్షతను, మంజీరాకు దవ్వుకాని జోగిపేటలోనే జరిగెను. రాజుల చరిత్ర గాక జనుల చరిత్ర వ్రాయవలెనని తలచి యా ప్రతాపరెడ్డియే 1949లో ఆంధ్రుల సాంఘికచరిత్రను వెలువరించెను.

చీనాలో పరీక్షలు 1905లో రద్దయ్యెను; ఏడేండ్లకు, 1912లో, తుది చక్రవర్తి గద్దె దిగెను. అచట నుద్యోగివర్గమునకు బునాది పోయిన పిదప రాజ్యము నిలువలేదు. మనకు వరుస తలక్రిందు. 1948 సెప్టెంబరులో నిజాము రాజ్యము భారతసైన్యమునకు లొంగెను. 1949లో జాగీరులు రద్దయ్యెను. 1956లో బీదరు జిల్లా మూడు రాష్ట్రముల నడుమ పంపకమై, నారాయణఖేడు తాలూకా మెదకు జిల్లాతో గలిసెను. 2016లో సంగారెడ్డి జిల్లాలో జేరెను. రాజు పోయిన ముప్పదియైదేండ్లకు, 1984లో, ఆంధ్రప్రదేశ ప్రభుత్వము పటేలు పట్వారీల పదవులను రద్దు చేసెను.

ఆ నాడు పట్వారీల యిండ్లనుండి గుడ్డమూటలలో కట్టిన దఫ్తరములు ప్రభుత్వమున కప్పగింపబడెను. ఇప్పుడు భూమిలెక్క కంప్యూటరులో నుండును, తెలుగు అక్షరములలో నుండును. దానికొఱకు కార్యాలయమునకు బోవు రైతు మాత్రము నేటికిని పహాణీ యనియే యడుగును. ఆ మాట తెలుగు కాదు, పారసీయు కాదు; చూచుట యను నర్థముగల మరాఠీమాట.