చెరువు మొదలు సముద్రము వరకు: నీటి శాసనముల చరిత్ర

అనంతపురము సీమకు సముద్రము లేదు. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ మెట్టభూమికి తీరము రెండువందల ఏబది కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. అయినను ఇచటి పూర్వులు తమ చెరువులను సముద్రములని, సాగరములని పిలుచుకొనిరి. మొదటి బుక్కరాయల కాలమున, 1364 ప్రాంతమున, పండమేరు ఏటికి కట్ట వేసి పెద్ద చెరువు నిర్మించిరి. ఆ కట్ట రెండు కొనలయందు వెలసిన ఊళ్లలో ఒకటి బుక్కరాయసముద్రము, రెండవది అనంతసాగరము. ఆ అనంతసాగరమే నేటి అనంతపురము.

పేరునందే గాక, అసలు సముద్రముతో కూడ ఈ సీమకు సంబంధము కలదు. ఆ సంబంధము పెన్నానది. నందికొండలలో పుట్టి, హిందూపురము ప్రాంతమున ఆంధ్రదేశమున ప్రవేశించి, పామిడి, తాడిపత్రి దాటి, గండికోట లోయను చీల్చుకొని, సిద్ధవటము, సోమశిల, నెల్లూరుల మీదుగా సుమారు 597 కిలోమీటర్లు ప్రవహించి ఊటుకూరు వద్ద బంగాళాఖాతమున కలియుచున్నది. మన సీమలో ఈ నది ఏడాదిలో అధికభాగము ఇసుకబాటయే. ఎండిన వంకలో పడవేసినది అక్కడనే ఉండిపోవునని జనులు తలచెదరు. అది తరువాతి వరద వరకే. 2024 అక్టోబరులో పండమేరు పొంగి అనంతపురపు శివారు కాలనీలను ముంచినపుడు, ఎండిన ఏరు చచ్చిన ఏరు కాదని అందరికిని తెలిసినది. పట్టణముల మురుగు, ప్లాస్టిక్ సంచులు, ధర్మవరపు పట్టు అద్దకమున మిగులు రంగునీరు, తాడిపత్రి బండలను నునుపు చేయునపుడు పుట్టు రాతిబురద, ఇవన్నియు ఉన్నచోటనే అదుపు చేయనిచో పల్లము వెంట పోవునవే. దారిలో మైలవరము, సోమశిల జలాశయములు కొంత నిలిపినను, పల్లమునకు చివర నున్నది సముద్రమే.

కాబట్టి సముద్రతీరపు కాలుష్యమును గూర్చి విచారించుటకు అనంతపురము తగిన చోటే. ఈ విచారమునకు మన చరిత్రలో ఒక మంచి ఆధారము కలదు. పెన్నా పరీవాహములోనిదే యగు కడప మండలపు పోరుమామిళ్లలో 1369 నాటి సంస్కృత శాసనమొకటి నిలిచియున్నది. బుక్కరాయల కుమారుడు, ఉదయగిరి రాజ్యమును పాలించిన భాస్కరుడు తాను త్రవ్వించిన తటాకమును గూర్చి వ్రాయించిన శాసనమది. రెండేండ్లపాటు దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు ఆ పనిలో నుండిరట. మంచి చెరువునకు పండ్రెండు సాధనములను, ఆరు దోషములను అది లెక్కించి చెప్పినది. కట్టనుండి నీరూరుట, చవుడునేల, నడుమ మిట్ట యుండుట, నీటికిని నేలకును పొత్తు కుదరకుండుట వంటివి మనము ఊహింపగల దోషములు. వానితో పాటు మరియొక దోషమును ఆ శాసనము చెప్పినది: చెరువు రెండు రాజ్యముల పొలిమేరయందుండుట.

మట్టిని, నీటిని పరీక్షించిన ఆ స్థపతులు పాలనను కూడ పరీక్షించిరన్న మాట. ఇద్దరు ప్రభువుల నడుమ నున్న నీటిని బాగుచేయు బాధ్యత ఎవనిది? ఫలము నాది, బాగోగులు నీవి అని ఇద్దరును అనుటకు అవకాశమున్నచోట కట్ట తెగుట నిశ్చయము. నీటి కాలుష్యమును గూర్చి తరువాత పుట్టిన చట్టములన్నియు ఈ దోషముతోనే పెనగులాడినవి.

చెరువు ఒక ఊరిది గనుక దాని కావలి సులభము. పూర్వము రాయలసీమలో చెరువును బాగుచేయువానికి దశబంధపు మాన్యముండెడిది. నీటిని పంచుటకు నీరుగంటి యుండెడివాడు. 1800లో నిజాము ఈ సీమను కుంఫిణీవారికి దత్తము చేసిన పిదప పెత్తనము మారినది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 277వ సెక్షను సార్వజనికమగు ఊటను గాని, జలాశయమును గాని మలినపరచువానికి మూడు మాసముల ఖైదు, లేదా ఐదువందల రూపాయల జుల్మానా, లేదా రెండును విధించినది. అందులో నది అను మాట లేదు. 1880వ దశకపు ఆరంభమున మద్రాసు హైకోర్టు ఏటిలో పారు నీరు ఈ సెక్షనులోని ఊట క్రిందకు రాదని నిర్ణయించెను. నిలిచిన నీటికి రక్షణ దొరకినది, పారు నీటికి దొరకలేదు. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత శిక్షను పెంచినదే గాని, ఊట, జలాశయము అను పాత మాటలనే నిలిపినది. 1897 నాటి చేపల చట్టము నీటిలో విషము కలిపియు, మందుగుండు ప్రేల్చియు చేపలు పట్టుటను నిషేధించినది. అది చేపల కొరకు చేసినదే గాని నీటి కొరకు చేసినది కాదు.

అసలు మలుపు 1974లో వచ్చినది. మన రాజ్యాంగమున నీరు రాష్ట్రముల పట్టికలోనిది. అందుచే పార్లమెంటు తనంతట చట్టము చేయజాలక, కొన్ని రాష్ట్రముల శాసనసభలు తీర్మానించి కోరిన మీదట నీటి కాలుష్య నివారణ చట్టమును చేసినది. ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి 1976లో ఏర్పడెను. ఈ చట్టమున ప్రవాహము అను పదమునకు ఇచ్చిన నిర్వచనము మన సీమవారు మనసున నుంచుకొనదగినది. నదులు, పారుచున్నవైనను అప్పటికి ఎండియున్నవైనను నీటివాగులు, భూగర్భజలము, రాష్ట్రప్రభుత్వము ప్రకటించిన మేర సముద్రజలము, ఇవన్నియు ఆ ఒక్క మాటలో ఇమిడినవి. ఎండిన వంకయు, సముద్రమును చట్టము దృష్టిలో ఒకే కోవకు చెందినవాయెను.

అయితే తీరమునకు వేరు కావలి కూడ ఏర్పడినది. సముద్రపు పోటు గీతనుండి ఐదువందల మీటర్ల వరకు తీరమును కాపాడుడని 1981లో ఇందిరాగాంధీ తీరరాష్ట్రముల ముఖ్యమంత్రులకు వ్రాసిరి. 1991 ఫిబ్రవరి 19న వెలువడిన తీరప్రాంత నియంత్రణ ప్రకటన ఆ హద్దునకు చట్టబలము నిచ్చినది. ఆ కాలముననే పెన్న కలియు నెల్లూరు తీరమున రొయ్యల చెరువులు విస్తరించినవి. వాని వ్యర్థజలము వలనను, చవిటిపారిన భూముల వలనను కలిగిన నష్టము సుప్రీంకోర్టునకు చేరగా, 1996 డిసెంబరు 11న తీర్పు వచ్చెను. సంప్రదాయ పద్ధతులు తప్ప తక్కిన రొయ్యల చెరువులు ఆ ఐదువందల మీటర్లలో ఉండరాదని, పులికాటు, చిలక సరస్సులకు వేయి మీటర్ల లోపలను ఉండరాదని ఆ తీర్పు శాసించినది. 2005లో పార్లమెంటు చేసిన చట్టము ఒక అధికార సంస్థను నెలకొల్పుచునే, ఆ హద్దును చాలవరకు సడలించినది. జీవనోపాధికిని తీరరక్షణకును నడుమ తగవు ఇంకను తెగలేదు.

ఈ తీరశాసనములు మేలు చేసినవనుటలో సందేహము లేదు. 2020లో విశాఖ సమీపమున ఋషికొండ తీరము నీలిజెండా గుర్తింపు పొందుట అట్టి శ్రద్ధకు ఫలము. కాని ఈ కావలి పోటునీరు నదిలో ఎంతవరకు ఎక్కునో అంతవరకే. ఆ పైన నదికి తీరశాసనము వర్తింపదు. ఉదయము ఊడ్చిన ఇసుకపైకి సాయంకాలమునకు వచ్చి చేరు చెత్తలో ఓడలనుండి పడినది కొంతయైనను, అధికభాగము నేలమీదనుండి కాలువలు, నదులు మోసికొని వచ్చినదే. 2022 జూలై 1 నుండి ఒకమారు వాడి పారవేయు ప్లాస్టిక్ వస్తువులు కొన్నిటిని దేశమంతట నిషేధించుటలో ఈ గుర్తింపు కొంత కనిపించును. అది తీరమున గాక అంగడియందు ఆపు ప్రయత్నము.

ప్రపంచమున కూడ ఇదే కథ. 1954లో లండనులో ఓడల చమురును గూర్చియు, 1972లో సముద్రమున వ్యర్థములు పారబోయుటను గూర్చియు ఒడంబడికలు కుదిరినవి. నేలనుండి వచ్చు ప్లాస్టిక్‌ను గూర్చి ఒడంబడిక చేయవలెనని 2022 మార్చిలో నైరోబీలో దేశములు తీర్మానించుకొన్నవి. 2025 ఆగస్టులో జెనీవాలో జరిగిన చర్చలు అంగీకారము లేకనే ముగిసినవి. సముద్రము ఎన్నో రాజ్యముల పొలిమేర. పోరుమామిళ్ల శాసనము చెప్పిన దోషమే అచ్చటను అడ్డుపడినది.

ఈ దోషమునకు పరిహారము తీరమున ఒక్కచోటనే దొరకదు. పెన్నా పరీవాహమున ప్రతి పురపాలక సంఘము, ప్రతి గ్రామపంచాయతి తన వంకను నదిగా లెక్కింపవలెను. మురుగును శుద్ధిచేయు యంత్రములకు, అద్దకపు నీటిని నిలుపు తొట్లకు, చెత్తను వేరుపరచు పనికి అగు వ్యయము ఎగువవానిది, మేలు దిగువవానిది. కావున ఆ వ్యయమును పంచుకొను ఏర్పాటు రాష్ట్రప్రభుత్వమే చేయవలెను. నదికి పుట్టుక కర్ణాటకమున గనుక ఆ రాష్ట్రమును కలుపుకొనవలెను. ఇందుకు కావలసిన చట్టము 1974 నుండి ఉన్నది. ఎండిన వంకను ప్రవాహమని పేర్కొన్న ఆ మాటను అమలుపరచుటయే మిగిలినది.

తెలుగున శాసనమనగా రాతిపై చెక్కినదియు, ప్రభుత్వము చేసినదియు కూడ. రాతిశాసనము ఆరువందల ఏబది ఏండ్లకు పైగా చెడక నిలిచినది. రెండవ శాసనము నిలుచుట, ఇచట వంక ఒడ్డున నున్న మనము దానిని పాటించుటపై ఆధారపడియున్నది.