భువనగిరి బండ నేర్పిన పాఠం

గుట్టలెక్కడం పల్లె పిల్లలకు కొత్త కాదు. మేకల వెంట, కట్టెల కోసం, సీతాఫలాల కోసం ఎక్కి దిగేవాళ్లే. అయినా పర్వతారోహణ మన దేశంలో చాలాకాలం వాళ్ల దరికి రాలేదు. 1928లో హిమాలయన్ క్లబ్ పెట్టింది బ్రిటిష్ దొరలు. తర్వాత విద్యార్థులను హిమాలయాలకు నడిపించిన డూన్ స్కూలు కలవారి బడి. 1953లో ఎవరెస్ట్ ఎక్కిన టెన్సింగ్ కూడా మొదట దొరల బరువులు మోసినవాడే. కొండ ఒకటే, ఒకరికి అది కూలి, మరొకరికి వేడుక. ఈ తేడా ధైర్యంలో లేదు. తాడు, గురువు, దారిఖర్చు ఎవరికి అందాయన్న దాంట్లో ఉంది.

అవి అందితే ఏమవుతుందో భువనగిరిలో తేలింది. చాళుక్య త్రిభువనమల్లుడి పేరు మోస్తున్న ఆ ఏకశిల దగ్గరే సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు శిక్షణ పొందారు. మేకల తోవలో కాలు దానంతటదే పడుతుంది. నిలువు బండ మీద వేలికొసకు పట్టు వెతుక్కోవాలి. దిగేటప్పుడు వీపు గాలిలోకి వాల్చి, పాదాలు రాతికి తన్నిపెట్టి, తాడును కొంచెం కొంచెంగా వదలాలి. ఆ బండ నుంచి డార్జిలింగ్‌కు, లడఖ్‌కు వెళ్లినవాళ్లలో ఇద్దరు, మలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. ఒకరు గిరిజన వ్యవసాయ కూలీల బిడ్డ, ఇంకొకరు దళిత కుటుంబం వారు. తెలంగాణ ఏర్పడటానికి అప్పటికి ఎనిమిది రోజులుంది.

పద్నాలుగేళ్లు నిండని పూర్ణను అంత ఎత్తుకు పంపడం తగునా అన్నారు కొందరు. ఆ మాటలో న్యాయముంది. పదహారేళ్లు నిండనివారిని నేపాల్ అనుమతించదు కాబట్టే టిబెట్ వైపు నుంచి ఎక్కించారు. ఆ ఏప్రిల్‌లోనే నేపాల్ వైపు మంచుచరియలు విరిగిపడి 16 మంది చనిపోయారు. శిఖరానికి వయసు రావాలి, నిజమే. కానీ భువనగిరి బండకు అంతకాలం ఆగనక్కర్లేదు. ఇద్దరితో ఏం ఒరుగుతుంది, అంతా ప్రచారమే కదా అన్నది మరో ఆక్షేపణ. ప్రచారమే అయితే ఒక్క శిఖరంతో ముగిసేది. పూర్ణ 2022 నాటికి ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలూ ఎక్కింది. అయితే లెక్క చూడాల్సింది శిఖరాలను కాదు, బండ దాకా చేరిన పిల్లలను. తెలంగాణలో గుట్టలకు కొదవ లేదు. ప్రతి గురుకులం నుంచీ ఏటా ఒక జట్టును తాడుతో, గురువుతో దగ్గరి గుట్టకు పంపితే చాలు. ఎవరెస్ట్ సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.