విక్టరీ రోల్స్: ఒక అలంకరణ చెప్పే యుద్ధకాల చరిత్ర



పాత హాలీవుడ్ సినిమాల్లోనో, నేటి ఫ్యాషన్ పోటీల్లోనో మీరు ఒక వేషాన్ని చూసే ఉంటారు. నుదుటికి రెండు వైపులా గొట్టాల్లా చుట్టి నిలిపిన జుట్టు, ముదురు ఎరుపు పెదవులు, కంటి కొసన సన్నని నల్ల గీత. దీన్ని ‘పినప్’ అలంకరణ అంటారు. సైనికులు గోడలకు పిన్నులతో గుచ్చుకున్న తారల చిత్రాల వల్ల వచ్చిన పేరిది. 1943లో అమెరికన్ నటి బెట్టీ గ్రేబుల్ ఈత దుస్తుల్లో తీయించుకున్న ఫోటో అలాంటి వాటిలో పేరు మోసింది.

అలంకరణకు చరిత్ర పాఠంలో చోటేమిటని మీరు అడగవచ్చు. ఈ వేషంలోని ప్రతి అంశం వెనుకా ఒక కర్మాగారమో, ఒక కొరతో, ఒక ప్రమాదమో ఉంది. ఒక్కొక్కటే చూద్దాం.

ముందు జుట్టు సంగతి. 1941 డిసెంబరులో అమెరికా రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగింది. పురుషులు యుద్ధరంగానికి వెళ్లగా, విమానాలు, ఓడలు, ఆయుధాలు తయారుచేసే కర్మాగారాల్లోకి లక్షలాది స్త్రీలు వచ్చారు. అప్పట్లో నటి వెరోనికా లేక్ జుట్టును ఒక కంటి మీదుగా వదిలేసే తీరు అమ్మాయిలకు మోజు. తిరిగే యంత్రం దగ్గర వేలాడే జుట్టు ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? 1943లో ప్రభుత్వం కోరిక మేరకు ఆమె తన జుట్టును పైకి కట్టుకుని చూపించింది. ముఖానికి దూరంగా, పైకి చుట్టిన ‘విక్టరీ రోల్స్’ ఈ అవసరానికి చక్కగా సరిపోయాయి. విమానాల విన్యాసం నుంచి ఆ పేరు వచ్చిందంటారు. పనిలో ఉన్నప్పుడు దానిపై రుమాలు కట్టేవారు. మగవారి కళ్ల కోసం గీసిన బొమ్మల్లో కనిపించిన జుట్టునే, కర్మాగారంలోని స్త్రీ తన ప్రాణరక్షణ కోసం ముడుచుకుంది. ఈ తేడాను మీరు గుర్తుంచుకోవాలి.

ఆ చుట్టలు ఎలా నిలిచేవి? రాత్రి తడి జుట్టును చిన్న పాయలుగా తీసి, వేలికి చుట్టి, తలకు ఆనించి పిన్నులు పెట్టేవారు. తెల్లవారి ఆరాక పిన్నులు తీసి, దువ్వి, పెద్ద చుట్టలుగా మలిచేవారు. ఇందులో ఉన్నది రసాయన శాస్త్రమే. వెంట్రుక కెరటిన్ అనే ప్రోటీన్‌తో తయారవుతుంది. దాని అణువుల మధ్య ఉండే హైడ్రోజన్ బంధాలను నీరు విడదీస్తుంది. ఆరేటప్పుడు అవి కొత్త ఆకారంలో మళ్లీ ఏర్పడతాయి. గాలిలో తేమ పెరిగితే చుట్ట వదులైపోయేదీ అందుకే. తడి పాయను పెన్సిలుకు చుట్టి ఆరబెట్టి మీరే పరీక్షించి చూడండి.

ఇక పెదవుల ఎరుపు. మైనం, నూనె, రంగు కలిస్తే లిప్‌స్టిక్. మనకు బాగా తెలిసిన ఆముదం ఇందులో ముఖ్యమైన నూనె. 1942లో అమెరికా ప్రభుత్వం సౌందర్య సాధనాల తయారీపై ఆంక్షలు పెట్టి, కొన్ని నెలలకే ఎత్తివేసింది. లిప్‌స్టిక్ స్త్రీల మనోధైర్యానికి అవసరమన్న అభిప్రాయం బలపడింది. అయితే లోహం ఆయుధాలకు కావాలి కనుక ఇత్తడి గొట్టాల బదులు ప్లాస్టిక్, అట్ట గొట్టాలు వచ్చాయి. నైలాన్ పారాచూట్లకు తరలిపోవడంతో మేజోళ్లు దొరకలేదు. కొందరు కాళ్లకు రంగు పూసుకుని, వెనుక కుట్టు ఉన్నట్టు కనుబొమల పెన్సిలుతో గీత గీసుకునేవారు!

చివరగా కళ్లు. ఈ భాగం విషాదకరమైనది. యుద్ధానికి ముందు, 1930లలో, ‘లాష్ లూర్’ అనే రంగును కనురెప్పల వెంట్రుకలకు వేసేవారు. అందులో పారా-ఫినైలిన్‌డైఅమీన్ ఉండేది. దానివల్ల ఒక స్త్రీ చూపు కోల్పోయింది, మరొకరు మరణించారు. అయినా అధికారులు దాన్ని మార్కెట్ నుంచి తీయించలేకపోయారు. ఎందుకంటే 1906 నాటి చట్టంలో సౌందర్య సాధనాల ప్రస్తావనే లేదు. ఆ బాధితురాలి ఫోటోలను ప్రదర్శించి ప్రజలను మేల్కొలపవలసి వచ్చింది. 1937లో ఒక విషపూరిత ఔషధం వందమందికి పైగా ప్రాణాలు తీశాక, 1938లో కొత్త చట్టం వచ్చింది. అందులో సౌందర్య సాధనాలనూ చేర్చారు. మన దేశంలో 1940 నాటి ఔషధ చట్టం పరిధిలోకి 1962 సవరణ ద్వారా సౌందర్య సాధనాలు వచ్చాయి.

ఆ రసాయనం పాత కథ కాదు. జుట్టుకు వేసే అనేక రంగుల్లో నేటికీ ఉంది. త్వరగా నల్లగా పండుతుందని అమ్మే ‘బ్లాక్ మెహందీ’లో కలిపే సందర్భాలూ ఉన్నాయి. కొందరికి దానివల్ల చర్మం బొబ్బలెక్కుతుంది. జుట్టు రంగు డబ్బాపై, ముందు చర్మం మీద కొద్దిగా పూసి పరీక్షించుకోమనీ, కనురెప్పలకు వాడవద్దనీ ఉండే హెచ్చరికను మీరు చదివారా?

విద్యార్థులారా! ఈ వేషం వేసుకోవాలనిపిస్తే సరదాగా వేసుకోండి, తప్పులేదు. కానీ ఆ చుట్ట వెనుక యంత్రం ముందు నిలబడిన కార్మికురాలినీ, ఆ చిన్న అక్షరాల హెచ్చరిక వెనుక చూపు పోగొట్టుకున్న స్త్రీనీ ఒకసారి తలచుకోండి. ఆ హెచ్చరికను పూర్తిగా చదివాకే డబ్బా మూత తీయండి.