కొక్కేనికి అవతల: సరిహద్దు సుంకపత్రాల చరిత్రలో ట్రైలరు

వ్యాససంగ్రహం: సొంత వాహనంతో దేశాలు దాటే యాత్రికుడు సుంకశాల దగ్గర చూపవలసిన పత్రాలకు నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. వాహనం వెనుక లాగుకుపోయే ట్రైలరును ఆ పత్రాలు వాహనంలో భాగంగా కాక మరొక వాహనంగా ఎందుకు లెక్కించాయో, దానివల్ల యాత్రికుని మీద ఎలాంటి భారం పడిందో 1954 నాటి న్యూయార్కు ఒప్పందం ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కార్నే, త్రిపుటపత్రం, ట్రైలరు, తాత్కాలిక దిగుమతి, సుంకం, పూచీ.

1. ఉపోద్ఘాతం

మన పల్లెల్లో ట్రాక్టరు వెనుక నడిచే ట్రాలీకి ట్రాక్టరు సంఖ్య కాక వేరొక రిజిస్ట్రేషను సంఖ్య ఉంటుంది. దానికి ఇంజను లేదు. తనంత తాను అంగుళమైనా కదలలేదు. అయినా 1988 నాటి మోటారు వాహనాల చట్టం 'మోటారు వాహనం' అనే పదానికి ఇచ్చిన నిర్వచనంలోనే ట్రైలరును చేర్చింది. రైతుకు ఆ రెండూ కలిసి ఒకటే బండి. చట్టానికి రెండు వాహనాలు. ఊరి దారిలో ఈ తేడాను ఎవరూ పట్టించుకోరు. దేశసరిహద్దు దగ్గర మాత్రం యాత్ర సాగడమూ ఆగడమూ ఈ తేడా మీదనే ఆధారపడిన సందర్భాలున్నాయి.

యాత్రాసాహిత్య పరిశోధనలో మనం యాత్రికుని అనుభూతికి ఇచ్చిన స్థానాన్ని అతని చేతిలోని కాగితాలకు ఇవ్వలేదు. అతడు ఏ దారిన వెళ్లాడు, ఎక్కడ ఎన్నాళ్లు ఆగాడు, దేనిని వెంట తీసుకుపోయాడు, దేనిని ఇంటి దగ్గరే వదిలాడు అనే విషయాలను చాలావరకు నిర్ణయించినవి ఆ కాగితాలే. ట్రైలరు ఇందుకు మంచి ఉదాహరణ.

2. త్రిపుటపత్రం నుంచి కార్నే వరకు

వాహనంతో వచ్చిన పరదేశిని సుంకాధికారి రెండు విధాలుగా చూడవచ్చు. అతడు యాత్రికుడైతే సుంకం లేదు. వాహనాన్ని అమ్ముకోవడానికి వచ్చినవాడైతే సుంకం చెల్లించాలి. అతడు యాత్రికుడే అనడానికి రుజువు అతడు తిరిగి వెళ్లిన నాడు గానీ దొరకదు. ఈ చిక్కుకు తొలి పరిష్కారం రొక్కం: చెల్లవలసిన సుంకమంతా ప్రవేశించేచోట ధరావతుగా కట్టి, బయటికి పోయేటప్పుడు వాపసు తీసుకోవడం. ప్రతి సరిహద్దులోనూ అంత రొక్కం, అదీ ఆ దేశపు నాణెంలో, చేతిలో ఉండాలి. ధనికుడికి సైతం ఇది తలనొప్పి.

పరిష్కారాన్ని కనుగొన్నవి ప్రభుత్వాలు కావు, సైకిలు యాత్రికుల సంఘాలు. ఇంగ్లండులో 1878లోనూ ఫ్రాన్సులో 1890లోనూ ఇటువంటి సంఘాలు ఏర్పడ్డాయి. 1898లో లక్సెంబర్గులో అవి అంతర్జాతీయ సమాఖ్యగా కూడాయి. సభ్యుని తరఫున సంఘమే పూచీ ఉంటుంది, అతడు వాహనాన్ని తిరిగి తీసుకుపోకపోతే సుంకాన్ని సంఘం చెల్లిస్తుంది అనేది వారి ఏర్పాటు. మోటారుకారు వచ్చాక ఇదే పద్ధతి దానికీ వర్తించింది. ఆ పత్రాన్ని ఫ్రెంచివారు 'త్రిప్తిక్' అన్నారు. మూడు పుటలు గలది కనుక త్రిపుటపత్రం అనవచ్చు. ఒక పుట ప్రవేశద్వారంలో, ఒకటి నిష్క్రమణద్వారంలో ఉండిపోతాయి, మూడోది యాత్రికుని దగ్గర మిగులుతుంది. ఇది ఒక్క దేశానికే చెల్లుతుంది. అనేక దేశాలకు చెల్లే పుస్తకంగా తరువాత రూపొందినది 'కార్నే ద పసాజ్ ఆఁ దువాన్', క్లుప్తంగా కార్నే. ఇందులో ఒక్కొక్క పుట మూడు ముక్కలు. దేశంలోకి ప్రవేశించినప్పుడు అధికారి ఒక ముక్కను, వెళ్లేటప్పుడు మరొక ముక్కను చింపుకొంటాడు. రెండు ముద్రలూ పడిన కౌంటర్‌ఫాయిల్ పుస్తకంలోనే ఉంటుంది. వాహనం దేశం విడిచిందనడానికి యాత్రికుని దగ్గర మిగిలే సాక్ష్యం అదే.

తెలుగు చరిత్ర విద్యార్థికి ఇక్కడ మోటుపల్లి శాసనం గుర్తుకు రాకమానదు. కాకతి గణపతిదేవుడు 1244–45లో వేయించిన ఆ అభయశాసనం ఓడవర్తకులకు రాజు ఇచ్చిన మాట. తుపానులో చిక్కి తీరానికి కొట్టుకువచ్చిన సరకును పూర్వరాజుల వలె హరించము, నిర్ణీతసుంకం మాత్రమే తీసుకుంటాము అని దాని సారాంశం. అక్కడ అభయమిచ్చినది రాజ్యం, పుచ్చుకొన్నది పరదేశి. కార్నేలో దిశ తారుమారైంది. పరదేశి పక్షాన ఒక సంఘం రాజ్యానికి అభయమిస్తుంది. నా దృష్టిలో ఆధునిక సరిహద్దు స్వభావాన్ని ఈ తారుమారు చెప్పినంత స్పష్టంగా మరేదీ చెప్పదు.

3. న్యూయార్కు ఒప్పందం: ట్రైలరుకు వ్యక్తిత్వం

ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో 1954 మే 11 నుంచి జూన్ 4 వరకు న్యూయార్కులో జరిగిన సమావేశం, సంఘాల నడుమ ఆచారంగా సాగుతున్న ఈ పద్ధతిని అంతర్జాతీయ చట్టంగా మార్చింది. సొంత వాహనాల తాత్కాలిక దిగుమతిని గురించిన ఒప్పందంలో 'వాహనాలు' అంటే మోటారు వాహనాలూ ట్రైలర్లూ అని నిర్వచించారు. ట్రైలరు వాహనంతో కలిసి వచ్చినా విడిగా వచ్చినా ఇదే వర్తిస్తుందని అక్కడే స్పష్టం చేశారు. మామూలు విడిభాగాలను, సామగ్రిని మాత్రం వాహనంలో అంతర్భాగాలుగా పరిగణించారు. అంటే అదనపు చక్రం కారులో భాగం, అదే కారు కొక్కేనికి తగిలించిన ట్రైలరు మాత్రం కాదు.

ఇలా ఎందుకు విడదీశారు? సుంకశాల తర్కం చలనాన్ని బట్టి నడవదు, విక్రయాన్ని బట్టి నడుస్తుంది. కొక్కెం తీస్తే ట్రైలరు దారిలో నిలిచిపోతుంది, కారు మాత్రం సరిహద్దు దాటిపోతుంది. నిలిచిన ట్రైలరును ఎవరైనా కొనుక్కోవచ్చు. విడిగా అమ్ముడుపోగల ప్రతి వస్తువుకూ విడి లెక్క ఉండాలన్నది సుంకాధికారి కోరిక. అందుకే ట్రైలరుకు వేరే కార్నే ఇవ్వడం సంఘాలలో సాధారణాచారమైంది. దాని విలువను బట్టి పూచీమొత్తం కూడా పెరుగుతుంది.

కార్నే పుటను చూస్తే ఈ అతుకు కనిపిస్తుంది. చాసిస్ సంఖ్య, ఇంజను సంఖ్య, సిలిండర్ల సంఖ్య, అశ్వశక్తి, బాడీ రంగు, లోపలి తొడుగు, సీట్లు, రేడియో, అదనపు టైర్లు, బరువు, విలువ అని అందులో గళ్లుంటాయి. ఈ పట్టిక కారును మనసులో పెట్టుకొని గీసినది. ట్రైలరు విషయంలో ఇంజనుకు సంబంధించిన గళ్లన్నీ ఖాళీగా మిగులుతాయి. దాని గుర్తింపు మొత్తం చాసిస్ మీద చెక్కిన సంఖ్యపై నిలుస్తుంది. ఆ పలక తుప్పుపట్టినా, సంఖ్యలో ఒక అంకె తప్పుగా రాసినా సరిహద్దులో చూపడానికి మరో ఆనవాలు ఉండదు.

అదే సమావేశంలో పర్యాటకుల సామానును గురించి మరో ఒప్పందం కుదిరింది. అది పరిశోధకులకు చాలా ఆసక్తికరమైన పత్రం. ఒక టైప్‌రైటరు, పది రికార్డులతో ఒక గ్రామఫోను, ఒక రేడియో, అయిదున్నర మీటర్లకు తక్కువ పొడవున్న ఒక చిన్న పడవ, ఒక గుడారం, శిబిరసామగ్రి వంటివి యాత్రికుని సొంత వస్తువులుగా సుంకం లేకుండా వెళ్లవచ్చు. గుడారం కూడా ఇల్లే, చక్రాలున్న ట్రైలరు కూడా ఇల్లే. గుడ్డతో కట్టినది సామానులో చేరింది, రేకుతో కట్టినది దిగుమతి అయింది. ట్రైలరులో నివసించే యాత్రికుని ఇల్లు ఒక ఒప్పందం కిందికి, ఇంట్లోని గ్రామఫోను మరొక ఒప్పందం కిందికి వచ్చాయి.

రోడ్డు నియమాలకు సంబంధించిన కాగితాలు ఇంత చిక్కైనవి కావు. 1949 జెనీవా, 1968 వియన్నా ఒప్పందాలలో 750 కిలోల లోపు ట్రైలరు 'తేలికపాటి'ది. అంతకు మించితే సాధారణంగా లైసెన్సులో 'ఇ' తరగతి అవసరం. రిజిస్టరు కాని ట్రైలరు వెనుక లాగే వాహనం సంఖ్యనే రాయవచ్చునని వియన్నా ఒప్పందం అంగీకరించింది. రోడ్డు పోలీసు దృష్టిలో అటువంటి ట్రైలరు కారుకు తోక మాత్రమే. సుంకాధికారి దృష్టిలో మాత్రం స్వతంత్ర వాహనం.

4. కేప్‌టౌన్ నుంచి కైరో

ఈ నియమాల బరువు తెలియాలంటే అమెరికాలో ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలర్లను తయారుచేసిన వాలీ బయమ్ నడిపిన ఆఫ్రికా యాత్రను చూడాలి. 1959లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో మొదలై 1960లో కైరో చేరిన ఆ బృందంలో 41 ట్రైలర్లున్నాయి. ఒక్కొక్క ట్రైలరు ముందు ఒక్కొక్క లాగుడు వాహనం. అంటే ఏ సరిహద్దు దగ్గర ఆగినా సుంకశాల లెక్కలో కనీసం 82 వాహనాలు. వారు బెల్జియన్ కాంగోలో ప్రయాణించిన కొద్దినెలలకే, 1960 జూన్ 30న, ఆ దేశం స్వతంత్రమైంది. ఆ ఒక్క ఏడాదిలోనే ఆఫ్రికాలో 17 దేశాలు స్వతంత్రమయ్యాయి. వలసరాజ్యపు సుంకమండలం చీలినచోట కొత్త సుంకశాల వెలుస్తుంది. పూచీ ఉండే సంఘం కొత్త రాజ్యంలో లేకపోతే కార్నే చెల్లదు. స్వాతంత్ర్యం వచ్చిన దేశం తన సరిహద్దును తాను కాపాడుకోవడం సహజమే. యాత్రికునికి అది మరో పుట, మరో ముద్ర.

అసలు కష్టం ట్రైలరు విరిగినప్పుడు ఎదురవుతుంది. గతుకుల దారిలో ముందుగా దెబ్బతినేవి ఇరుసూ కొక్కెమూ. కారు ఒంటరిగా సాగిపోగలదు. పనికిరాని ట్రైలరును దారిపక్కన వదిలి వెళ్లడం ఎవరికైనా తోచే ఆలోచన. ఒప్పందం అందుకు ఒప్పుకోదు. బాగా దెబ్బతిన్న వాహనానికి అది మూడు దారులు చూపింది: సుంకం చెల్లించడం, ఖర్చులేవీ ప్రభుత్వం మీద పడకుండా దానిని ఆ ప్రభుత్వానికే అప్పగించడం, లేదా అధికారుల సమక్షంలో ధ్వంసం చేయించడం. మూడింటిలో ఏది ఎంచుకున్నా ముందు ఒక సుంకాధికారి దొరకాలి. ఎడారి నడుమ ఆయన ఎక్కడ దొరుకుతాడు? నిష్క్రమణముద్ర పడని పుటతో ఇల్లు చేరినవాడికి యాత్ర ముగిసినట్టు కాదు. పత్రం గడువు తీరిన తరువాత ఏడాదిలోగా ఆ దేశపు సుంకశాఖ అక్కడి సంఘానికి నోటీసు పంపవచ్చు. వాహనం తిరిగి వెళ్లిందని నిరూపించడానికి సంఘానికి మరో ఏడాది గడువు ఉంటుంది. నిరూపణ లేకపోతే సొమ్ము సంఘం నుంచి సంఘానికి చేతులు మారి, చివరకు యాత్రికుని ధరావతులోంచి పోతుంది.

5. సరకు ట్రైలరు, యాత్రికుని ట్రైలరు

ఇదే కాలంలో సరకు రవాణాకు వేరే మార్గం ఏర్పడింది. 1959లో కుదిరి 1975లో తిరగరాసిన టి.ఐ.ఆర్. ఒప్పందం ప్రకారం సీలు వేసిన లారీలు దేశాలు దాటుతాయి. లారీకీ దాని వెనుక ట్రైలరుకూ కలిపి ఒకే టి.ఐ.ఆర్. కార్నే రాయవచ్చునని అందులోని 17వ అధికరణం చెబుతుంది. ఆ వాహనాల తాత్కాలిక ప్రవేశానికి ప్రత్యేకపత్రం అక్కరలేదని 15వ అధికరణం చెబుతుంది. యాత్రికునికి లేని ఈ వెసులుబాటు వర్తకునికి దొరకడానికి కారణం ఊహించడం కష్టం కాదు. వర్తకుని పక్షాన రెండు దేశాల పరిశ్రమలూ మాట్లాడతాయి. చక్రాల ఇంటితో వచ్చే కుటుంబం పక్షాన మాట్లాడేది ఒక మోటారు సంఘం మాత్రమే. మన భాషలో 'రవాణా' అనే మాట పర్షియను 'రవానా' నుంచి వచ్చింది. కంపెనీ కాలంలో ఆ పర్షియను మాట సుంకశాలలు ఇచ్చే దారిచీటీకి పేరు. చీటీ ఉన్న సరకుకు దారి ఇవ్వడం ఈ నేలకు కొత్త కాదు.

పశ్చిమ ఐరోపా దేశాలు సొంతకార్లకు కార్నే అడగడం క్రమంగా మానుకున్నాయి. 2017లో భారతదేశం టి.ఐ.ఆర్. ఒప్పందంలో చేరింది. మన సరిహద్దుకు వచ్చే సరకులారీ తన వెనుక ట్రైలరును ఒకే పత్రం మీద తీసుకురావచ్చు. సొంత వాహనంతో మన దేశానికి వచ్చే యాత్రికుడు మాత్రం తన కారుకొక కార్నే, కారు వెనుక ఉన్న ఇంటికొక కార్నే చూపవలసి ఉంటుంది.