కొలకర్ర పక్కన మనిషి

పిడుగురాళ్ల పేరు చెబితే సున్నం బట్టీలు గుర్తొస్తాయి. ఈ చుట్టుపక్కల నేలంతా సున్నపురాయే. తూర్పున అమరావతిలో, పడమర నాగార్జునకొండలో శిల్పులు బుద్ధుడి కథలు చెక్కింది కూడా ఈ పల్నాటి సున్నపురాతి మీదే. చెక్కిన రాయినే తర్వాతి తరాలవాళ్లు కాల్చి సున్నం చేసుకున్నారు. అమరావతి ఫలకాలు కొన్ని అలాగే పోయాయి. మిగిలినవాటిని తవ్వి తీసిన చరిత్రకు రెండు వందల ఏళ్లు దాటాయి. ఆ తవ్వకాల బొమ్మలు వరసగా తిరగేస్తే ఎక్కడ చూసినా రాయే. దాన్ని బయటికి తీసిన చెయ్యి, ఆ చేతిలోని పనిముట్టు మాత్రం అరుదు.

1798లో కాలిన్ మెకంజీ అమరావతి దిబ్బను చూశాడు. 1816లో మళ్లీ వచ్చి శిల్పాలకు, స్తూపం నక్షాకు బొమ్మలు గీయించాడు. ఆయన కొలువులోని కావలి సోదరుల పేర్లు చరిత్రకెక్కాయి. మట్టి మోసినవాళ్ల పేర్లు ఎక్కలేదు.

1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన ఫలకాలు మద్రాసు చేరాయి. 1858లో లిన్నియస్ ట్రైప్ వాటిని అక్కడే ఫొటోలు తీశాడు. మరుసటి ఏడు అవి లండన్‌కు ఓడెక్కాయి. అంటే కెమెరా స్తూపం దగ్గరికి రాలేదు, శిల్పాలే కెమెరా దగ్గరికి వెళ్లాయి. ఏ ఫలకం ఏ లోతున, దేని పక్కన దొరికిందో ఆ ఫొటోలు చెప్పలేవు. 1877లో రాబర్ట్ సూయెల్ కొంత తవ్వాడు. 1880లో మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ ఆజ్ఞతో దిబ్బనంతా తోడేశారు. ఆ తర్వాత వచ్చిన జేమ్స్ బర్జెస్‌కు మిగిలింది పెద్ద గుంట. తవ్వకం ఒక్కసారే జరిగేది. సరిగ్గా రాసిపెట్టని తవ్వకం సాక్ష్యాన్ని చెరిపేస్తుందని అమరావతి అలా నేర్పింది.

తర్వాత అమరావతిలో తవ్విన అలెగ్జాండర్ రీ కాలానికి పురావస్తుశాఖ కుదురుకుంది. 1926లో రంగస్వామి సరస్వతి నాగార్జునకొండ శిథిలాలను వెలుగులోకి తెచ్చారు. 1927 నుంచి 1931 వరకు లాంగ్‌హర్స్ట్ అక్కడ తవ్వించాడు. మూడుకాళ్ల స్టాండు మీద బరువైన కెమెరా, పెట్టెలో గాజు పలకలు మోసుకు తిరిగిన రోజులవి. అప్పటి పురావస్తు ఫొటోల్లో గోడ పక్కనో స్తంభం పక్కనో ఒక కూలీ నిటారుగా నిలబడి కనిపిస్తాడు. కట్టడం ఎంత ఎత్తో తెలియడానికి నిలబెట్టిన మనిషి అతను. కొలతగానైనా ఫొటోలో చోటు దక్కింది.

1944లో మార్టిమర్ వీలర్ శాఖాధిపతిగా వచ్చి తవ్వకం పద్ధతిని బిగించాడు. నేలను చదరాలుగా విడగొట్టి, మధ్యలో గట్లు వదిలి, పొరపొరగా తవ్వాలన్నాడు. ఫొటోకూ నియమాలు బిగిశాయి. ట్రెంచి అంచులు తాపీతో నిలువుగా చెక్కాలి. అడుగున కాలిముద్రలు లేకుండా బ్రష్షుతో ఊడ్చాలి. మట్టి పొరల రంగు తేలడానికి కాస్త నీళ్లు చిలకరించాలి. పొర పొరకూ చీటీ గుచ్చి, గళ్ల రంగులేసిన కొలకర్ర ఆనించి, ఉత్తరం చూపే బాణం పెట్టాలి. అప్పుడు తట్టలు, పారలు, మనుషులు అందరూ పక్కకు తప్పుకోవాలి. శాస్త్రానికి అది అవసరమే, మనిషి నీడ పడితే పొర కనబడదు. కానీ ఫొటో మెరుగైనకొద్దీ దాంట్లోంచి పని మాయమైంది. నిలబడ్డ కూలీ చోటును చాలామటుకు కొలకర్ర తీసుకుంది.

ఈ లోటు బాగా తెలిసొచ్చేది నాగార్జునకొండలోనే. అక్కడి లోయను ముంచబోయే ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. లోయ మునిగేలోపు తవ్వాలని ఆర్. సుబ్రహ్మణ్యం బృందం 1954 నుంచి 1960 వరకు గడువుతో పోటీపడింది. రాతియుగం పనిముట్ల నుంచి ఇక్ష్వాకుల రాజధాని విజయపురి దాకా బయటపడ్డాయి. కొన్ని కట్టడాలను ఊడదీసి కొండమీద, అనుపులో తిరిగి నిలబెట్టారు. మిగతా లోయ నీటి పాలైంది. తొలి నివేదిక సంపుటం వచ్చేసరికి 1975. ఇవాళ ఎవరికైనా అనుమానమొస్తే అక్కడ మళ్లీ పలుగు వెయ్యడానికి లేదు. పలుగుతో ఎంతవరకు తవ్వారు, ఎక్కడ ఆపి తాపీ పట్టారు, మట్టిని జల్లెడ పట్టారా లేదా అన్న ప్రశ్నలకు జవాబు చెప్పగలిగేది పని జరుగుతుండగా తీసిన ఫొటోయే. జల్లెడ పట్టని తట్టలో పూసో సీసపు నాణెమో జారిపోయే వీలుంది.

ఇప్పుడు డ్రోన్ పైనుంచి చూస్తోంది, టోటల్ స్టేషన్ కొలతలు పడుతోంది. ఇక్ష్వాకుల జాడలున్న ఫణిగిరిలో 2024లో 3,730 సీసపు నాణేలు ఒకే కుండలో దొరికాయి. యంత్రాలు ఎన్ని వచ్చినా మట్టి తీసేది పలుగు, పార, తట్ట, తాపీలే. వాటిని పట్టేది ఎక్కువగా చుట్టుపక్కల పల్లెల కూలీలే. జేబుల్లో ఫోన్లున్న ఈ రోజుల్లో గాజు పలక ఖర్చు అడ్డం చెప్పుకునే వీల్లేదు. శుభ్రంచేసిన ట్రెంచి ఫొటోకు ముందు, పని సాగుతున్న ట్రెంచిది ఒకటి తియ్యాలి. దాని కింద తేదీ, లోతు, వాడిన పనిముట్టు, సమ్మతిస్తే తవ్వినవాళ్ల పేర్లు రాయాలి. నివేదికలో దానికి ఒక పేజీ ఇవ్వాలి. అది కూలీల పట్ల దయ కాదు. రేపటి పరిశోధకుడు మన తవ్వకాన్ని తప్పుపట్టడానికైనా, సమర్థించడానికైనా మనమిచ్చే ఆధారం.