ఇంటి చదువునకు తెలుగు వాచకము

రేవు ఉద్యోగుల ఇండ్లలోను, ఉక్కునగరపు ఇండ్లలోను పిల్లలకు తామే తెలుగు నేర్పుకొను తల్లిదండ్రులు మన విశాఖపట్టణమున కొందరు కలరు. బడిలో తెలుగు అంతంతమాత్రమైనందున కొందరు, బడికే పంపక ఇంటనే చదివింపవలెనను పట్టుదలతో కొందరు ఈ పనికి పూనుకొనుచున్నారు. లెక్కలకు పుస్తకము కావలెననుటలో వారికి సందేహము లేదు. మాటలాడవచ్చిన పిల్లవానికి మాతృభాషకై వాచకము, వ్యాకరణము కొనవలెనా యన్నచోటనే తటపటాయింపు. ఈ ప్రశ్నకు పెద్ద చరిత్ర కలదు. అందులో ముఖ్యఘట్టము మన పట్టణముననే నడచినది.

1822లో చెన్నపురి గవర్నరు సర్ తామస్ మన్రో కలెక్టరులనందరను బడుల లెక్కలు పంపుమని కోరెను. విశాఖపట్టణపు జిల్లానుండి 900కు పైబడిన బడుల లెక్క వచ్చినది. 1826లో ఆయన వ్రాసిన నివేదికలో మనకు పనికివచ్చు అంకె వేరొకటి కలదు. చెన్నపట్టణమున ఇండ్లలో చదువుకొనుచున్నవారు 26,963 మంది. బడులలోని వారికి అయిదురెట్లకు పైమాట. ఇందులో పొరపాటుండవచ్చునని మన్రోయే శంకించెను. ఎంత తగ్గించి చూచినను, బంధువులవద్దనో, ఇంటికి వచ్చు పంతులవద్దనో చదువుకొనుట ఆనాడు వింత కాదు.

ఆనాటి పిల్లలు ఏమి చదివిరి? బళ్ళారి కలెక్టరు కాంబెల్ 1823లో తన జిల్లాలోని 533 బడులను గూర్చి వివరముగా వ్రాసెను. ఆయన 1816లోనే ఆంగ్లమున తెలుగు వ్యాకరణము ప్రకటించిన పండితుడు. పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దిరి. పిమ్మట పంతులు నలుదిక్కులనుండి సేకరించిన ఉత్తరములను, రకరకముల చేవ్రాతలను చదివిరి, ఉత్తరములు, ఒడంబడికలు వ్రాయ నేర్చిరి, కథలు చదివిరి, పద్యములు వల్లించిరి. పద్యముల భాష ఇంటిభాషకు దూరమైనందున పిల్లలు అర్థమెరుగక చిలుకలవలె అప్పగించుచున్నారని కాంబెల్ నొచ్చుకొనెను. ఇది సగమే నిజమని మాకు తోచును. చిన్ననాడు అర్థము తెలియక వల్లించిన పద్యము నడివయస్సున తానై విచ్చుకొనుట మనలో అనేకుల అనుభవమే. కాని ఆ పాతయుత్తరముల కట్ట యున్నదే, అది గొప్ప వాచకము! ఎవరో ఎవరికో నిజముగా వ్రాసిన మాటలవి.

అచ్చుయంత్రముతో పద్ధతి మారెను. పుదూరు సీతారామశాస్త్రిగారి బాలశిక్ష పెరిగి పెద్ద బాలశిక్షయై ఇంటింట చేరెను. 1853లో పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక వెలువడెను. ఆ గ్రంథమును, ఆయన బాలవ్యాకరణమును బడిభాషకు ఒరవడి యైనవి. వాచకము చేతికి వచ్చినది గాని, అది పిల్లవాడు అమ్మతో ఆడు మాటలలో లేదు.

ఈ తేడా ఏల యని 1906 ప్రాంతమున ఇక్కడ అడిగినవాడు పాఠశాలల పరీక్షాధికారి జె. ఎ. యేట్సు. తెలుగు నేర్చుకొనబూనిన ఆంగ్లేయునకు తట్టిన సందేహము మనవారిని కదిలించెను. మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి. టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగరమునుండి గురజాడ అప్పారావుగారు, పర్లాకిమిడినుండి గిడుగు రామమూర్తిగారు బోధనాసంస్కరణకు చేతులు కలిపిరి. అయ్యంగారు 1909లో దేశభాషల పక్షమున ఆంగ్లపుస్తిక ప్రకటించిరి. గిడుగువారు 1913లో విజ్ఞాపనపత్రము, గురజాడవారు 1914లో అసమ్మతిపత్రము వ్రాసిరి. వాదము తత్కాలమునకు గ్రాంథికపక్షముననే తీరినది. (ఈ సంగతి గ్రాంథికముననే చెప్పుచున్నందుకు శ్రోతలు నవ్వుకొందురుగాక!)

ఇంట నేర్పువారికి మాత్రము గిడుగువారి వాదములకంటె ఆయన చేసిన వేరొక పని ఎక్కువ అక్కరకు వచ్చునని మా అభిప్రాయము. కొండలలోని సవరల భాషకు అప్పుడు లిపి లేదు, వాచకము లేదు. ఆయన సవరభాష తెలిసినవానిని ఇంటనుంచుకొని, వాని మాటలు విని, పలికి, నేర్చుకొనెను. వారి పాటలు, కథలు వ్రాసికొని, ఆ తరువాతనే సవరపిల్లలకు వాచకములు కూర్చెను. సొంతఖర్చుతో బడి నడపెను. ఆయన సవరవ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడినవి. చెవి ముందు, కలము తరువాత, వ్యాకరణము అన్నిటికి చివర వచ్చినవి.

ఈ వరుసనే ఇంట పాటింపవచ్చును. తెలుగులిపికి గుణింతములు, ఒత్తులు క్రమముగా దిద్దింపక తప్పదు గనుక పలుచని అక్షరపుస్తకమొకటి కావలసినదే. దానిని తప్పించుకొనజూచిన తల్లులకు ఒత్తులవద్ద చిక్కు వచ్చును. అటుపైని రెండుమూడేండ్లు వాచకము లేకున్నను లోటు లేదు. కథ చదివి వినిపించుట, విన్నదానిని పిల్లవానిచే చెప్పించుట, తాతగారికి ఉత్తరము వ్రాయించుట, ఆయన జవాబును వానిచేతనే చదివించుట చాలును. పిల్లవాడు "గుంటడు" అన్నయెడల తప్పని దిద్దవలదు. అది మన కళింగాంధ్రపు మాట, పుస్తకములో లేనంతమాత్రమున భాషలో లేదనరాదు. సంధులు, సమాసములు పోతనగారి భాగవతము చేతబట్టిననాడు నేర్పవచ్చును.

సార్వత్రిక విద్యాపీఠమువారి పదవతరగతి పరీక్షకు కూర్చుండదలచినవారి సంగతి వేరు. దానికి నిర్ణీతపాఠ్యపుస్తకము కలదు. పరీక్షకు ఒక యేడు ముందుగా దానిని తెచ్చుకొన్నయెడల చాలును.